రెండు లోడ్లు ఎందుకు ఆలస్యమయ్యాయి, లోడింగ్ ఖర్చు ఎందుకు మారుతోంది

మా దగ్గర కర్ర కొనేవారందరికీ నమస్కారం.

గత నెలలో రెండు లోడ్లు చెప్పిన రోజున కాక మర్నాడు చేరాయి. సెంట్రింగ్ పని ఆగిపోయి మేస్త్రీలను ఖాళీగా కూర్చోబెట్టుకున్నవారు, ఈ రోజుల్లో కూడా మనుషులతోనే ఎందుకు ఎత్తిస్తున్నారని ఫోనులో అడిగారు. అప్పుడు వానమీద నెట్టి తప్పించుకున్నాను. అది సగం నిజమే.

సత్తుపల్లి చుట్టుపక్కల మేము కొనే జామాయిల్ తోటలు రెండు మూడెకరాలకు మించవు. అంత చిన్న తోటకు యంత్రాన్ని తెప్పిస్తే అది పని చేసే గంటలకన్నా గట్లు దాటుకుంటూ తోట మారే గంటలే ఎక్కువవుతాయి, నల్లరేగడి తడిస్తే దిగబడుతుంది కూడా. పైగా లోడెత్తే కూలీల ముఠావాళ్లు ఎత్తేటప్పుడే వంకర బాదును (నరికిన పొడుగు కర్రను), చీలిన బాదును పక్కకు వేస్తారు. యంత్రం గుత్తగా పట్టి లారీలో పడేస్తుంది.

మొదటి లోడు సన్నకర్ర. అడుగు చుట్టుకొలత, పదడుగుల పొడవు ఉన్న పచ్చి బాదు సుమారు 22 కిలోలుంటుంది కనుక పది టన్నులకు 440కి పైగా బాదులు ఎత్తాలి. చేను తడిగా ఉందని లారీని రోడ్డు మీదే ఆపించాను. కర్ర కుప్పకూ లారీకీ మధ్య 80 అంగలు, రానూపోనూ 160. ఎనిమిదిమంది ముఠాలో ఒక్కొక్కరికి 8,800 అంగల నడక పడింది, అందులో సగం భుజాన బరువుతో. ఎత్తడంలో కాదు, ఆ నడకలో పొద్దు గడిచిపోయింది. కొట్టిన రోజునే కర్రను బాట పక్కకు చేర్పించకపోవడం నా తప్పు.

రెండోది లావుకర్ర. చుట్టుకొలత రెండడుగులైతే బరువు రెట్టింపు కాదు, నాలుగింతలై 90 కిలోలవుతుంది. 110 దుంగలతో లారీ నిండుతుంది, అయినా ఆ లోడే ఎక్కువసేపు పట్టింది. తొట్టి అంచుకు రెండు గట్టి కర్రలు ఏటవాలుగా ఆనించి, పైన కట్టిన తాడును దుంగ కిందుగా తిప్పి, కొసను మళ్లీ పైకి లాగుతూ దొర్లిస్తారు. దీనితో లాగాల్సిన బలం సగానికి తగ్గుతుంది కానీ ఒక్కో దుంగకు నలుగురు కావాలి, తొందరపెడితే కాళ్లమీద పడుతుంది. ఒక మనిషి మోసే బరువు 55 కిలోలు దాటితే దానిని తగ్గించాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సూచించింది. తువ్వాలు మడిచి భుజాన వేసుకుని ఎంత బరువైనా మోసేస్తారని ఇన్నాళ్లూ నేను లెక్కచూడలేదు.

ఇకమీదట ఒకటిన్నర అడుగు చుట్టుకొలత దాటిన కర్రను అయిదడుగుల ముక్కలుగానే పంపుతాము. రేకుల షెడ్డు గుంజలకో మరొకదానికో పూర్తి పొడవు కావాలంటే నాలుగు రోజుల ముందు చెప్పండి, తాళ్లతోనే ఎక్కిస్తాము. వానాకాలంలో ముందురోజే ట్రాక్టరుతో కర్రను రోడ్డుకు చేరుస్తాము. అలాచేస్తే రెండుసార్లు ఎత్తినట్టవుతుంది కాబట్టి ఆ నెలల్లో మాత్రం టన్నుకు 60 రూపాయలు అదనంగా పడుతుంది, ఆ మొత్తం నేరుగా ముఠాకే వెళ్తుంది. ఆలస్యమైన ఆ రెండు లోడ్లకు తీసుకున్న లోడింగ్ డబ్బును మీ తరువాతి బిల్లులో తగ్గిస్తాను.