కార్ షోకి ఒక ఆదివారం, ఒక గ్రౌండ్ ఇప్పించండి సార్: తిరుపతి జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

కలెక్టర్ గారికి నమస్కారం సార్,

మేము తిరుపతి, చిత్తూరు వైపు పాత కార్లు పెట్టుకున్నోళ్ళం. క్లబ్బు అంటే పెద్దోళ్ళ వ్యవహారం అనుకునేరు, మాలో మెకానిక్కులున్నారు, రిటైరైన టీచర్లున్నారు, మదనపల్లె టమాటా మండీ వాళ్ళున్నారు. ఈసారి షో గట్టిగా చేద్దామని పలమనేరు, పుత్తూరు, శ్రీకాళహస్తి దాకా అందరికీ ఫోన్లు కొడుతున్నాం, వంద బండ్లు దాటించాలని పంతం. బండ్లకి కొదవ లేదు సార్, చూసేవాళ్ళకీ కొదవ లేదు, నిలబెట్టే చోటే దొరకట్లా.

గ్రౌండ్ అడిగితే పోలీసు పర్మిషన్ తెమ్మంటారు, పోలీసుల దగ్గరికి పోతే ముందు గ్రౌండ్ లెటర్ చూపించమంటారు, ఈ తిరుగుడులో అనుకున్న డేట్ కాస్తా దాటిపోతుంది. ఇంగ చేసేదేముంది, నగరి మీదుగా చెన్నై షోకి పోయి ఏదో మూల నిలబెట్టుకుని వస్తాం. ఎండాకాలంలో పాత ప్రీమియర్ పద్మిని కారుని అంత దూరం తోలితే మధ్యలో ఎక్కడో ఒకచోట రేడియేటర్ పొంగలి పెట్టేస్తుంది.

అసలు మన జిల్లాకి ఏం తక్కువ సార్? కరకంబాడిలో బ్యాటరీలు, చినపాండూరులో టైర్లు, శ్రీసిటీలో ఇసుజు పికప్‌లు, ఇన్ని తయారయ్యే చోట జనం ఒక పూట కార్లు చూడ్డానికి పక్క రాష్ట్రం పోవాల్నా?

ఇంకో సంగతి. 2021లో కేంద్రం తెచ్చిన రూల్ ప్రకారం యాభై ఏళ్ళు దాటిన బండికి వింటేజ్ బండ్లకని వేరుగా వీఏ సిరీస్ నెంబర్ ఇస్తారు, కొత్తగా రిజిస్టర్ చేయిస్తే ఫీజు 20 వేలు, పదేళ్ళు చెల్లుతుంది. కానీ ఆ నెంబర్ తీసుకున్నాక రోజువారీ తిరగడానికి లేదు, షోకో ర్యాలీకో రీసెర్చికో పోవాల, లేదంటే పెట్రోల్‌కీ రిపేర్‌కీ పోవాల. ఇక్కడ షోనే లేకపోతే మా మార్క్ 2 అంబాసిడర్ ఓనరు 20 వేలు కట్టి బంకుకీ షెడ్డుకీ తిరుగుతుండాల్నా చెప్పండి. షో రోజు రవాణా శాఖ వాళ్ళది ఒక టేబుల్ వేయించండి, అప్లికేషన్ ఎట్లా పెట్టాలో, ఏ కాగితాలు కావాలో అక్కడే చెప్పేస్తే సగం మంది ఆ రోజే ముందుకొస్తారు.

రద్దీ గురించి మీకు భయం ఉంటుంది, ఉండాల్సిందే, ఇది తిరుపతి. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, వరస సెలవులు, ఇవేవీ ముట్టుకోం. అలిపిరి వైపు ఒక్క బండి కూడా రాదు. అందరూ ఒకేసారి పడకుండా ఊరి వారీగా టైం ఇస్తాం, చిత్తూరు వాళ్ళు ఆరుకి వస్తే పుత్తూరు వాళ్ళు ఆరున్నరకి, ఎనిమిదికల్లా అందరూ లోపలుంటారు. ప్రతి ఇంజిన్ కింద ఆయిల్ కారకుండా రేకు ట్రే పెడతాం, ముందు ఒక అట్టముక్క కూడా పరుస్తాం. సైలెన్సర్ పీకేసి బర్రుమనిపించే కుర్రోళ్ళని గేటు దగ్గరే వెనక్కి పంపిస్తాం, వాళ్ళతో మాకూ తలనొప్పే. తారకరామ స్టేడియంలో గడ్డి మీద మాకొద్దు సార్, బయట గట్టి నేల చాలు. చెత్త ఎత్తడం, తాగునీళ్ళు, అంబులెన్స్, అన్నీ మా ఖర్చే.

మీ నుంచి కావాల్సింది ఒకటే, పోలీసు, మున్సిపల్, ఫైర్, గ్రౌండ్ వాళ్ళని ఒకే టేబుల్ దగ్గర కూర్చోబెట్టి ఒక డేట్ ఖాయం చెయ్యండి. వచ్చే సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ, బండ్ల లిస్టు, పార్కింగ్ గీసిన మ్యాప్ పట్టుకుని వస్తాం.

ఇట్లు,
తిరుపతి, చిత్తూరు పాత కార్ల వాళ్ళు