మా బడికి సాయం చేసినవాళ్ళకు, ఒక గుండిగ సంగతి కూడా

అందరికీ నమస్కారం. ఉలవపాడు నుంచి సముద్రం వైపు పోతే వచ్చే చిన్న ఊళ్ళో ప్రైమరీ బడి హెడ్‌మాస్టర్‌ని. తుపానప్పుడు సాయం చేసినవాళ్ళకు పేరుపేరునా చెప్పుకోవాల్సిన మాట ఇది. సగం మంది అడిగినా పేరు చెప్పకుండా పోయారు, అందుకని ఇక్కడ రాస్తున్నాను.

మిచాంగ్ తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గర, 2023 డిసెంబరు 5 మధ్యాహ్నం. టీవీల్లో అంతా బాపట్ల పేరే. కానీ అది అక్కడికి చేరేలోపు నెల్లూరు తీరాన్ని ఒరుసుకుంటూ నింపాదిగా పైకి పోయింది, పోతూపోతూ మమ్మల్ని నానబెట్టింది. 1989 నవంబరులో కావలి దగ్గర దాటిన గాలివానను చూసిన ముసలోళ్ళయితే 'ఇదీ ఒక తుపానేనా అయ్యవారూ' అన్నారు. నిజమే, మా ఊళ్ళో మనుషులకేం కాలేదు. దెబ్బంతా బడికే. వంటషెడ్డు రేకులు సరుగుడు తోటలో దొరికాయి. వేపచెట్టు ప్రహరీ మీద పడింది. ఆఫీసు గదిలో మోకాటి లోతు నీళ్ళు, బీరువా అడుగు అరలో అడ్మిషన్ రిజిస్టర్లు.

బియ్యం తడిస్తే మళ్ళీ వస్తాయి. ఆ రిజిస్టర్లు రావు. ఊళ్ళో చానామందికి పుట్టినతేదీ అనేది ఉన్నది అందులోనే. ఆధార్‌లో తప్పు పడితే యాభై ఏళ్ళ మనిషి కూడా స్టడీ సర్టిఫికెట్ కోసం నా దగ్గరికే వస్తాడు. తీసి చూస్తే పేజీలన్నీ అట్టలాగా అంటుకుపోయున్నాయి. బాల్‌పెన్నుతో రాసినవి నిలిచాయి, పాతకాలం ఇంకువి అలుక్కుపోతున్నాయి. ఎండ లేదు, కరెంటు లేదు. ఇస్త్రీ బండి అన్న వచ్చి చూసి, బొగ్గుల పెట్టె రాజేసి, రామాలయం అరుగు మీద కూర్చున్నాడు. మా టీచరమ్మ ప్లాస్టిక్ స్కేలు దూర్చి ఒక్కో కాగితం విడదీయడం, కిందా పైనా పాత పేపరు వేసి ఆయన పెట్టె ఆనించడం. రెండు రోజులు. మధ్యలో ఒక పేజీ దగ్గర ఆగి, 'సార్, ఇది మా నాయన పేరు' అన్నాడు. ఆ పేజీని ఇంకో రెండుసార్లు రుద్దాడు. డబ్బులిస్తే తీసుకోలేదు.

చెట్టు కోసింది కందుకూరు కుర్రాళ్ళు, సొంత రంపం మిషన్, సొంత పెట్రోలు. వలలు పోయి, పడవలు దెబ్బతిని కూడా మా పాలెం వాళ్ళే ముందొచ్చి రేకులు మోసుకొచ్చారు. వాళ్ళకు థాంక్స్ అంటే నవ్వుతారు, అయినా చెబుతున్నా. వంట చేసే అక్క తడి కట్టెలతో గాడిపొయ్యి ఊది ఊది, కళ్ళు ఎర్రగా చేసుకుని, ఒక్క పూట కూడా పిలకాయల అన్నం తప్పనీయలేదు.

ఒంగోలు నుంచి ఒకాయన ఫోన్ చేసి, పంపేముందు 'ఏం కావాలి సార్?' అని అడిగాడు. అట్లా అడిగినవాడు ఆయనొక్కడే. చెప్పులన్నాను. కొలతలు కావాలన్నాడు. నలభైమూడు మందినీ న్యూస్‌పేపర్ల మీద నిలబెట్టి పాదాల చుట్టూ గీత గీసి పంపాం. నాలుగో రోజుకు నలభైమూడు జతలు, లోపల పేరు రాసిన చీటీలతో సహా వచ్చాయి.

గుడ్డలు మాత్రం ఇక పంపొద్దని దండం పెట్టి చెబుతున్నాను. మీ మనసు మంచిదే, కానీ ఒక గది నిండిపోయింది. అందులో పెళ్ళికొడుకు కోటొకటి. మూడో తరగతి వాడొకడు దాన్ని తొడుక్కుని రెండు రోజులు కలెక్టరుగా తిరిగాడు. ఇంకా కావాల్సింది మంచినీళ్ళ ట్యాంకు. మా బోరు ముందే ఉప్పన, ఇప్పుడు నోట పెట్టుకోలేం. ప్రహరీకి కొలతలు తీసుకుపోయారు, ఆ కాగితం ఏ బల్ల మీదుందో. అంతదాకా గేదెలు కూడా క్లాసుకొస్తాయి.

చివరగా ఒక పని. ఆ హడావిడిలో ఎవరో ఇంత పెద్ద ఇత్తడి గుండిగ ఇచ్చిపోయారు. చింతపండేసి తోమి పెట్టాం, తళతళలాడుతోంది. అంచు మీద చెక్కిన పేరు అరిగిపోయి చివర 'మ్మ' ఒక్కటే మిగిలింది. ఈ చుట్టుపక్కల 'మ్మ' లేని పేరు యాడుంది? ఎవరిదో వచ్చి తీసుకోండమ్మా. ఆదివారం కూడా బడి దగ్గరే ఉంటాను.