పప్పునూనె ఆలస్యం, మీ అడ్వాన్సుల సంగతి

సామర్లకోటలోని మా గానుగ కొట్టులో నూనె తీసుకునే వారందరికీ నమస్కారం.

రెండో చెక్క గానుగ ఉగాదికల్లా వస్తుందని, ఆవకాయలకు కావలసినంత పప్పునూనె ఇవ్వగలనని (పప్పునూనె అంటే నువ్వుల నూనె) సంక్రాంతి రోజుల్లో చెప్పి, మీలో 63 మంది దగ్గర అడ్వాన్సు తీసుకున్నాను. ఆ గానుగ ఇంకా రాలేదు. మార్చిలో ఫోన్ చేసినవారికి ‘మిషను దారిలో ఉంది’ అని నేను చెప్పిన మాట అబద్ధం. బ్యాంకు నా రుణ దరఖాస్తును తిరస్కరించి అప్పటికే నెల దాటింది.

తిరస్కరణకు కారణం నా క్రెడిట్ రిపోర్టు, అంటే తీసుకున్న అప్పులు ఎలా తీర్చానో చూపే చిట్టా. ఫోటోకాపీని జిరాక్స్ అన్నట్టే మనం దీన్ని సిబిల్ అనేస్తాం గానీ, దేశంలో దీన్ని తయారుచేసే సంస్థలు, అంటే క్రెడిట్ బ్యూరోలు, నాలుగున్నాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. ప్రతి సంస్థా ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టును ఉచితంగా ఇవ్వాలన్నది రిజర్వ్ బ్యాంకు నిబంధన. ఆరేళ్లుగా నేను ఒక్కటి కూడా తీసి చూడలేదు. మేనేజరుగారు చెప్పాక చూస్తే, నా పేరూ ఇంటిపేరూ ఉన్న మరొకాయన చిత్తూరులో వాయిదాల మీద ఫ్రిజ్ కొని ఎగవేసిన రూ. 18,600 అప్పు నా పేరిట ఉంది. నెలకొక గడి చొప్పున 30, 60, 90 అంటూ వాయిదా దాటిన రోజులు పెరుగుతూ పోయి, చివర ‘రిటెన్ ఆఫ్’, అంటే రాని బాకీ, అని తేల్చారు. 300 నుంచి 900 వరకు ఉండే స్కోరులో నాది 611. కరెంటు బిల్లు కూడా గడువుకు ముందే కట్టే మనిషిని. అయినా ఆ గళ్లు చూస్తుంటే, ఆ ఫ్రిజ్ ఎప్పుడైనా నేనే కొన్నానేమోనని ఒక్క క్షణం నామీద నాకే అనుమానం వచ్చింది.

ఫిబ్రవరి 10న ఆన్‌లైన్‌లో అభ్యంతరం నమోదు చేశాను. దానికి రుసుము లేదు. 19 రోజుల తరువాత, ‘రుణదాత ధ్రువీకరించినందున మార్పు లేదు’ అని ఒక్క వాక్యంలో జవాబు వచ్చింది. అప్పిచ్చిన సంస్థ ఒప్పుకోనిదే బ్యూరో తనంతట తాను ఒక్క అంకె కూడా మార్చదు. ఆ సంస్థేమో తన కంప్యూటరులో ఉన్న తప్పునే మళ్లీ చూసుకుని అవునంటుంది. అందుకే మార్చి 4న రెండోసారి ఫిర్యాదు చేసినప్పుడు, అప్పు దరఖాస్తును, దానిమీది ఫోటోను, సంతకాన్ని చూపించమని ఆ ఫైనాన్స్ కంపెనీ ఫిర్యాదుల అధికారికి నేరుగా రాసి, ఆ ఉత్తరం ప్రతిని బ్యూరోకు జతచేశాను. అసలు కాగితం బయటికి తీశాక తేలిందేమిటంటే, అందులో పాన్ నంబరు గడి ఖాళీగా ఉంది; పేరు కలిసిందని ఎవరో తరువాత నా నంబరు నింపారు.

ఫిర్యాదు 30 రోజుల్లో పరిష్కారం కాకపోతే ఆపై రోజుకు రూ. 100 పరిహారం ఇవ్వాలన్న నిబంధన 2024 ఏప్రిల్ 26 నుంచి అమల్లో ఉంది. నా రెండో ఫిర్యాదు 38వ రోజున, ఏప్రిల్ 11న తేలింది గనుక రూ. 800 వచ్చింది. నాలుగు లక్షల రుణం ఆగినందుకు ఎనిమిది వందలు!

రుణం మొన్ననే మంజూరైంది. గానుగ తయారు చేసేవారు ఆరు వారాలు అడుగుతున్నారు కాబట్టి అది ఆవకాయలకు అందదు. తప్పు రిపోర్టుదే అయినా, డబ్బు చేతికి రాకముందే మీకు తేదీ చెప్పింది నేను.

ఉన్న గానుగలో వాయికి 12 కిలోల నువ్వులు పోస్తే ఐదు లీటర్ల నూనె వస్తుంది, అది తేటపడడానికి నాలుగు రోజులు పడుతుంది. రోజువారీ వేరుశనగ నూనె పోను, మే 10లోగా 375 లీటర్లకు మించి పప్పునూనె తీయలేను. అడ్వాన్సు ఇచ్చిన వరుసలో మొదటి 37 మందికి అది సరిపోతుంది. బయట నూనె కొని మన డబ్బాల్లో పోయమని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. ఆ పని చేయను. మిగిలిన 26 మందికి, వారు అడగనవసరం లేకుండానే, ఈ శనివారంలోగా పూర్తి అడ్వాన్సు తిరిగి పంపుతున్నాను.