మా వాడిది నిర్లక్ష్యం కాదండీ: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. విజయవాడ సింగ్‌నగర్ నుంచి ఏడో తరగతి పిల్లవాడి తల్లిని రాస్తున్నాను. తెలివి ఉన్నా మా వాడికి చదవడం, రాయడం సరిగా రావు. దీని మీద మూడు అర్జీలు ఇచ్చాను. మూడుసార్లూ ‘మీ అర్జీ పరిష్కరించబడింది’ అని ఫోనుకు మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి మా వీధిలోకి వచ్చినప్పుడు వాడు అయిదో తరగతి. బడులు తెరిచాక ‘నేను చూసిన వరద’ అని వ్యాసం రాయమన్నారు. ముందురోజు రాత్రి నాకు అరగంటసేపు చెప్పాడు. నీళ్లు మొదట డ్రైనేజీలోంచే పైకి వచ్చాయని, మేడ మెట్లు ఒక్కొక్కటే మునుగుతుంటే లెక్కపెట్టానని, మాకిచ్చిన పులిహోర పొట్లంలో సగం పక్కింటి కుక్కకు పెట్టానని. వింటుంటే నాకే కళ్లలో నీళ్లు తిరిగాయి. పేపరు మీద మాత్రం రెండు లైన్లు రాశాడు. వరద ‘వదర’ అయింది. మెట్లు ‘మెటలు’ అయింది. పదికి ఒక మార్కు వేసి, పక్కన ఎర్ర ఇంకుతో ‘నిర్లక్ష్యం’ అని రాశారు. ఆ మాటలో ఒత్తులు కూడబలుక్కోలేక, అదేమిటో చదవమని నన్నే అడిగాడు.

ఆ రెండు లైన్లకు వాడికి ముప్పావుగంట పట్టిందండీ. పెన్సిల్ ఎంత గట్టిగా నొక్కుతాడంటే, పేజీ వెనక్కి తిప్పి తడిమితే అక్షరాలు వేలికి తగులుతాయి. నిర్లక్ష్యంగా రాసే పిల్లాడు అలా నొక్కుతాడా? తప్పు రాసిన మాట యాభైసార్లు రాసుకురమ్మంటే యాభైసార్లూ తప్పుగానే రాశాడు. చెయ్యి వాచింది, మాట రాలేదు.

అప్పు చేసి ప్రైవేటు డాక్టరుకు చూపించాం. తెలివిలో ఏ లోటూ లేదని, డిస్లెక్సియా (చదవడంలో ఇబ్బంది), డిస్‌గ్రాఫియా (రాయడంలో ఇబ్బంది) ఉన్నాయని రాసిచ్చారు. ఆ కాగితం చెల్లదు, వైకల్యం ఉందని ప్రభుత్వం ఇచ్చే సదరం సర్టిఫికెట్ తెమ్మని బడిలో అన్నారు. సదరంకు వెళ్తే ‘కాళ్లూ చేతులూ బాగానే ఉన్నాయి కదమ్మా’ అన్నారు. ఇలాంటి పిల్లల్ని పరీక్షించే సైకాలజిస్టు ఆ రోజు లేరు, మళ్లీ స్లాట్ తీసుకోమన్నారు. అలా మూడుసార్లు. తిరిగిన ప్రతిసారీ వాడికి బడి పోయింది, నాకు కుట్టుమిషన్ పని పోయింది. మూడోసారి ఆటోలో తిరిగొస్తూ వాడు అడిగాడు, “అమ్మా, చెయ్యి బాగానే ఉందంటున్నారుగా, మరి నాకెందుకు రావట్లేదు?” నేనేం చెప్పను సార్?

చట్టం మీకు తెలియనిది కాదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో మా వాడికున్న ఈ ఇబ్బందీ ఉంది. ఇలాంటి పిల్లల్ని వీలైనంత త్వరగా గుర్తించే బాధ్యత 16వ సెక్షన్‌లో విద్యాసంస్థల మీదే పెట్టారు. పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి గురించి 17వ సెక్షన్‌లో ఉంది. ఎనిమిదేళ్లు నిండితే సర్టిఫికెట్ ఇవ్వొచ్చు. మా వాడికి పన్నెండు నిండాయి. ఆ నాలుగేళ్లూ వాణ్ని మొద్దు అన్నారు, సోమరి అన్నారు. తెలియక నేనూ రెండుసార్లు కొట్టాను. అది తలచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

ఒక్క టీచరమ్మ మాత్రం వాడి బాధ అర్థం చేసుకున్నారు. పళ్లెంలో బొంబాయి రవ్వ పోసి, పైకి పలుకుతూ వేలితో ఒక్కో ఒత్తూ దిద్దించమన్నారు. రోజూ ఇరవై నిమిషాలు. మూడు నెలల్లో తకారం ఒత్తు, లకారం ఒత్తు కుదిరాయి. ‘మెట్లు’ తప్పు లేకుండా రాసి చూపించాడు. ఆ తర్వాత ఆవిడకు బదిలీ అయింది. ఆ రవ్వ పళ్లెం గురించి కొత్తవారికి చెబితే, ఇంతమందిలో కుదరదన్నారు.

సార్, దయచేసి ప్రతి బడిలో కనీసం ఒక టీచరుకైనా ఇలాంటి పిల్లలకు నేర్పే శిక్షణ ఇప్పించండి. సదరం రోజున సైకాలజిస్టు ఉండేలా చూడండి. ఆ కాగితం వచ్చేదాకానైనా పరీక్షలో కొంచెం ఎక్కువ సమయం ఇవ్వమనండి, నోటితో చెప్పించుకుని మార్కులు వేయమనండి. ఇంకో మూడేళ్లలో పదో తరగతి పరీక్షలు. ఆ టెన్షన్ వాడికి ఇప్పటినుంచే పట్టుకుంది. ఈసారి మెసేజ్ వద్దు, ఒక మనిషిని పంపించండి. వరద గురించి వాణ్ని నోటితో అడగమనండి. మా పక్కింటి కుక్క దగ్గర్నుంచి అంతా చెబుతాడు.

ఇట్లు,
ఒక తల్లి,
సింగ్‌నగర్, విజయవాడ