ఆ గడ్డని సెలైన్‌లో వేసి పంపకండి

సంపాదకుడు గారికి నమస్కారం అండి,

పోయిన ఆదివారం మీ పేపర్లో కణంలో ఉండే ద్రవ చుక్కలకీ క్యాన్సర్‌కీ ఉన్న సంబంధం గురించి ఒక వార్త వేశారు, చదివి చాలా సంతోషం అనిపించింది, ఇట్టాంటివి తెలుగులో రావడమే తక్కువ. కానీ అదే రోజు సాయంత్రం మా వీధి చివర ఉండే పిన్ని (సొంత పిన్ని కాదు, చిన్నప్పట్నించీ అట్టానే పిలుస్తాం) ఆ పేపరు చేత్తో పట్టుకుని మా ఇంటికొచ్చింది. ఆమెకి మూడేళ్ళ కింద రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయ్యింది, అప్పట్నించీ అది మళ్ళీ రాకుండా రోజూ టామోక్సిఫెన్ మాత్ర వేసుకుంటా ఉంది. "మందు ఆ చుక్కల్లోకి పోయి పల్చబడిపోద్దంట కదబ్బయ్యా, ఇంక ఈ మాత్ర ఎందుకు, ఆపేసేదా" అని అడిగింది. నాకు భయమేసింది, ఈమె నన్ను అడిగింది కాబట్టి సరిపోయింది, అడగకుండా ఆపేసినోళ్ళు ఎంతమంది ఉంటారో అని. అందుకే ఈ లెటర్ రాస్తన్నా.

నేను నెల్లూరులో ఒక ల్యాబ్‌లో 19 ఏళ్ళుగా హిస్టోపాథాలజీ టెక్నీషియన్ని. బయాప్సీ ముక్కల్ని మైనంలో పెట్టి బ్లాక్ చేసి, 4 మైక్రాన్ల మందాన కోసి, రంగులేసి స్లైడు పాథాలజిస్టు మేడం టేబుల్ మీద పెట్టేది నా పని. అక్కడ కనపడేదాన్ని బట్టే చెప్తన్నా.

ముందు ఆ చుక్కల సంగతి. కణంలో అన్ని గదులకీ గోడలు ఉండవండి. కొన్నిటికి పొరే ఉండదు, ప్రొటీన్లూ ఆర్‌ఎన్‌ఏలూ ఒకదాన్నొకటి పట్టుకుని గుంపుగా చేరి చుక్కలాగా నిలబడతాయి. చేపల పులుసు మీద నూనె తేలతా ఉంటది చూడండి, రెండు చుక్కలు దగ్గరికొస్తే కలిసి ఒకటైపోతాయి, దాదాపు అట్టా, కాకపోతే ఇక్కడ నూనె ఉండదు. 2009లో బ్రాంగ్విన్, హైమన్ అనే సైంటిస్టులు ఒక చిన్న పురుగు పిండంలో దీన్ని చూపించారు, 2011లో కప్ప గుడ్లలో, న్యూక్లియస్ లోపలుండే న్యూక్లియోలస్ కూడా ద్రవంలాగే ఉంటదని తేల్చారు. ఆ ఇద్దరికీ 2023 బ్రేక్‌త్రూ ప్రైజు కూడా ఇచ్చారు.

న్యూక్లియోలస్ అంటే మేము రోజూ చూసేదే! క్యాన్సర్ కణంలో న్యూక్లియస్ మధ్యన అది పెద్ద చుక్కలాగా కొట్టొచ్చినట్టు కనపడితే మేడం రిపోర్టులో "ప్రామినెంట్ న్యూక్లియోలై" అని రాస్తారు. కణం ఆగకుండా పెరగాలంటే ప్రొటీన్లు కావాలి, ప్రొటీన్లకి రైబోజోములు కావాలి, రైబోజోములు తయారయ్యేది ఆ చుక్కలోనే, అందుకని అది ఉబ్బుద్ది. వందేళ్ళ పైనుంచీ పాథాలజిస్టులు స్లైడు మీద చూస్తా వచ్చింది ఒక ద్రవ చుక్కనే అన్నమాట, నాకైతే ఇది తెలిసినప్పట్నించీ స్లైడు చూసే చూపే మారిపోయింది. ఒక రకం బ్లడ్ క్యాన్సర్‌లో, ఏపీఎల్ అంటారు, పీఎంఎల్ అనే ప్రొటీన్ చుక్కలు ముక్కలు ముక్కలైపోతాయి, ఆర్సెనిక్, ఏట్రా మందులిస్తే మళ్ళీ సరిగ్గా చేరతాయి, ఇప్పుడు ఆ జబ్బు ఎక్కువమందికి పూర్తిగా నయమైపోతా ఉంది.

ఇప్పుడు పిన్ని భయం సంగతి. 2020లో అమెరికాలో వైట్‌హెడ్ ఇన్‌స్టిట్యూట్‌లో రిచర్డ్ యంగ్ గారి టీమ్ ల్యాబ్‌లో చూసిందేందంటే, మెడ్1 అనే ప్రొటీన్ చేరే చుక్కల్లోకి సిస్‌ప్లాటిన్, టామోక్సిఫెన్ లాంటి మందులు పోయి పోగుపడతాయి. అంటే చుక్కలోకి పోవడం మందు పోగొట్టుకోవడం కాదు, పని చేసే చోటికి చేరడం! ఎందుకంటే టామోక్సిఫెన్ అడ్డుకోవాల్సిన ఈస్ట్రోజెన్ రిసెప్టర్ (ఈస్ట్రోజెన్ హార్మోన్ని పట్టుకునే ప్రొటీన్) కూడా ఆ చుక్కల్లోనే ఉంటది. మెడ్1 మరీ ఎక్కువైతే మాత్రం చుక్క పెద్దదై మందు పల్చబడద్ది, మందు లొంగకపోవడానికి అదొక కారణం కావచ్చని వాళ్ళు చెప్పింది. మీ వార్తలో ఈ రెండో సగమే హెడ్డింగ్ అయ్యింది. మాత్ర వేసుకునే ఆడవాళ్ళు దయచేసి మీ డాక్టర్ని అడక్కుండా ఒక్కరోజు కూడా ఆపొద్దు. సార్, ఇట్టాంటి వార్త వేసేటప్పుడు ఆ ఒక్క ముక్క కింద కలపండి.

అసలు ఆ మాత్ర ఎవరికి పని చేస్తదో తేల్చేది ఈఆర్ టెస్టు, అంటే ఆ ఈస్ట్రోజెన్ రిసెప్టర్ ఉందా లేదా అని చూసే టెస్టు, అది చేసేది కోసి తీసిన గడ్డ మీద. నా బాధంతా ఇక్కడే ఉంది. పిన్ని గడ్డ ఆపరేషన్ అయిన వెంటనే ఫార్మలిన్‌లో (కోసిన ముక్క పాడవకుండా ఉంచే మందు నీళ్ళు) పడింది, ఈఆర్ స్పష్టంగా పాజిటివ్ వచ్చింది, మాత్ర మొదలుపెట్టారు. పోయిన ఎండాకాలం మెట్ట ప్రాంతం నుంచి ఒకబ్బాయి వాళ్ళమ్మ గడ్డని సెలైన్ పోసిన పచ్చడి సీసాలో వేసుకుని బస్సెక్కి తెచ్చాడు, ఆపరేషన్ చేసి అప్పటికి ఒక రోజు దాటింది, మూత తీస్తే వాసన. సీసా మూతి సన్నం, గడ్డ బయటికి రాలేదు, సీసా పగలగొట్టాల్సి వచ్చింది. స్లైడు మీద న్యూక్లియస్సులన్నీ అలికేసినట్టున్నాయి, చుక్కలు చూసేది యాడ, క్యాన్సర్ అని మాత్రం చెప్పగలిగారు, ఈఆర్ తేలలేదు. గడ్డ మొత్తం తీసేశారు కాబట్టి మళ్ళీ కోసేదానికి ఏమీ మిగల్లేదు. "అన్నా, ఇప్పుడు ఏ మందు వాడాల" అని ఆ పిల్లోడు అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఆ ఆస్పత్రి వాళ్ళు కావాలని చేశారని అనను, అక్కడ ఫార్మలిన్ లేదు, అడిగేవాళ్ళూ లేరు. ఇది ఒక్కసారి జరిగింది కాదండి, ఏడాదిలో చాలాసార్లు చూస్తన్నా.

చెయ్యాల్సింది చాలా చిన్న పని. ముక్కకి కనీసం పది రెట్లు 10 శాతం ఫార్మలిన్, అంటే ఒక వంతు ఫార్మలిన్‌కి తొమ్మిది వంతుల నీళ్ళు, బఫర్ వేసి తయారుగా అమ్మేది అయితే ఇంకా మంచిది. తీసిన గంటలోపు వెయ్యాలి. పెద్ద గడ్డ అయితే లోపలికి ఎక్కదు కాబట్టి యాడ గాటు పెట్టాలో పాథాలజిస్టుని ఫోన్‌లో అడగాలి. రొమ్ము గడ్డలు 6 గంటలకి తగ్గకుండా, 72 గంటలు దాటకుండా ఉంచాలి. వెడల్పు మూతి డబ్బా, మీద పేరు, తీసిన టైము. సెలైన్ వద్దు, స్పిరిట్ వద్దు, ఐసు వద్దు.

ఇంకోటి, రిపోర్టుతో పాటు బ్లాకు ఇస్తే చిన్న మైనం బిళ్ళే కదా అని కొందరు పారేస్తా ఉన్నారు. చెన్నై, వేలూరు, తిరుపతి యాడికి పోయినా మళ్ళీ టెస్టుకి అడిగేది దాన్నే. ఈ మెడ్1 లాంటివి రేపు మామూలు టెస్టుల్లోకి వస్తే చూసేది కూడా ఆ బ్లాకులోనే. ఎండ తగలని చోట ఫైలుతో పాటు పెట్టుకోండి, మైనం కదా, కరుగుద్ది.

ఆపరేషన్ థియేటర్ ఉన్న ప్రతి ఆస్పత్రిలో, చిన్నదైనా పెద్దదైనా, ఫార్మలిన్ డబ్బాలు ఉన్నాయా లేవా అని జిల్లా వైద్యాధికారులు ఒకసారి తిరిగి చూడాలని కోరుతున్నాను. నేను పైన రాసిన కొలతలు మీరు జిల్లా ఎడిషన్‌లో చిన్న బాక్సు కట్టి వేస్తే, కత్తిరించి మా ల్యాబ్ రిసెప్షన్ గోడకి నేనే అంటిస్తాను, శాంపిల్ తెచ్చే ప్రతి ఒక్కరికీ చూపిస్తాను.

ఇట్లు,
ఒక ల్యాబ్ టెక్నీషియన్, నెల్లూరు