గెడ్డలో ఆకులు ఉండనివ్వండి

టౌన్స్‌విల్, ఆస్ట్రేలియా

నాన్నగారికి నమస్కారాలు.

అడవివరంలో మన ఇంటి వెనక పారే గెడ్డను ఆదివారం శుభ్రం చేస్తారని, సీసాలతో పాటు ఆకులన్నీ ఎత్తిపోస్తారని మీరు చెప్పినప్పటి నుంచి మనసు కుదురుగా లేదు. ఫోనులో సరిగా చెప్పలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం.

సీసాలు, కవర్లు తప్పకుండా తీయించండి. ఆకుల జోలికి మాత్రం వెళ్లనివ్వకండి.

నిన్న ఇక్కడి పాలూమా కొండల్లో ఒక వాగులో దిగి, రాళ్ల మధ్య ఇరుక్కున్న ఆకుల గుత్తిని తెల్ల పళ్లెంలోకి దులిపాను. అందులో ఒక ఆకు ముక్క నడిచింది! వంగి చూస్తే, కోలగా కత్తిరించిన రెండు ముక్కలు, పెద్దది పైన, చిన్నది కింద. నడుమ నుంచి తల బయటపెట్టిన పురుగు పిల్ల. సీతాకోకచిలుకకు దూరపు చుట్టం. నోటి నుంచి వచ్చే పట్టుదారంతో రెండు ముక్కలనూ కలిపి కుట్టుకుంది. అరుగు మీద అడ్డాకుల విస్తర్లు కుట్టే నానమ్మ కళ్లముందు కదిలింది. ఈ పిల్లకు ఇల్లూ ఆకే, అన్నమూ ఆకే.

రాలిన ఆకును చాలా పురుగులు వెంటనే తినవు. ఒకటి రెండు రోజులు టీ డికాక్షన్‌లా దాని రసం నీటిలోకి దిగుతుంది. తర్వాత బూజు పట్టి మెత్తబడుతుంది, తినేవాటికి మరింత బలమైన తిండి అవుతుంది. ఇడ్లీ పిండి పులిసినట్టే అనుకోండి. అప్పుడు కొరికేవి వస్తాయి. వాటి నోటి నుంచి జారిన తునకలను దిగువన వలలు కట్టుకున్న పురుగులు పట్టుకుంటాయి. ఆ పురుగుల కోసం తూనీగ పిల్లలు కాచుకుని ఉంటాయి. చలి దేశాల్లో కొరికే పని ఎక్కువగా పురుగులదే. ఉష్ణ దేశాల్లో చాలాచోట్ల పీతలు, రొయ్యలు, బూజులు కూడా అందులో పెద్ద పాలు పంచుకుంటాయి. చిన్నప్పుడు మీరు నాకు పట్టి చూపించిన గెడ్డ పీత గుర్తుందా?

మెత్తని గానుగాకు త్వరగా తిండి అవుతుంది, దళసరి నేరేడాకు ఎక్కువకాలం గూడుగా నిలుస్తుంది. ఒడ్డున రకరకాల చెట్లుంటేనే నీటిలో రకరకాల ప్రాణులు. గట్టు మీద వరుసగా నీలగిరి మొక్కలు నాటుదామన్న మాట కూడా మానిపించండి. నూనె, వగరు నిండిన ఆ ఆకు అన్ని పురుగులకూ పడదు.

దోమలు వస్తాయని ఎవరైనా అంటే, సీసాల్లో, కవర్లలో నిలిచిన నీళ్లు చూపించండి. తూనీగ పిల్లలు దోమ పిల్లలను తింటాయి కూడా. రోడ్డు కింద తూముకు అడ్డుపడిన ఆకులు తీయక తప్పదు. వాటిని కాల్చకుండా చెట్ల మొదళ్లలో వేయించండి.

ఆదివారం అమ్మనడిగి తెల్ల పింగాణీ పళ్లెం తీసుకెళ్లండి. గుప్పెడు ఆకులు నీళ్లతో సహా అందులో వేసి, రెండు నిమిషాలు అందరినీ చూడమనండి. ఏమేమి కదిలాయో నాకు రాయండి. పీత కనబడితే మరీ ముఖ్యంగా.

అమ్మకు నమస్కారాలు.

మీ అమ్మాయి