ఏరియా ఆసుపత్రి బాగోగులు ఎవరిని అడగాలి?

ఎడిటర్ గారికి నమస్కారం.

ఏరియా ఆసుపత్రుల మీద పేపర్లో వార్త వచ్చినప్పుడల్లా డాక్టర్లు టైముకి రారు, నర్సులు కసురుకుంటారు అనే రాస్తున్నారు. అందులో నిజం లేదని కాదు గానీ అసలు లోపం ఆసుపత్రిని నడిపే పద్ధతిలో ఉందండి, దాని గురించి ఎవరూ రాయట్లేదు.

మన దగ్గర సర్కారు వైద్యం మూడు ముక్కలుగా పెరిగింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు (పీహెచ్‌సీలు) ప్రజారోగ్య శాఖవి, మెడికల్ కాలేజీ ఆసుపత్రులు వైద్య విద్యా డైరెక్టర్ (డీఎంఈ) గారివి, మధ్యలో ఉన్న ఏరియా ఆసుపత్రులు, జిల్లా ఆసుపత్రులు 1986 చట్టంతో వచ్చిన వైద్య విధాన పరిషత్ కిందికి వెళ్ళాయి. శాఖలో ఫైళ్ళు ఆగిపోకుండా కొంచెం స్వతంత్రంగా పని జరగాలనే కదా ఇలాంటి సంస్థ పెట్టేది. కానీ మామూలు మనిషికి ఈ లెక్కలన్నీ ఎలా తెలుస్తాయి? గ్రీవెన్స్‌లో అర్జీ ఇస్తే జిల్లా వైద్య ఆరోగ్య అధికారి (డీఎంహెచ్‌ఓ) ఆఫీసుకి పంపుతారు, అక్కడికెళ్తే ఇది మా పరిధి కాదమ్మా జిల్లాలో ఈ ఆసుపత్రుల్ని చూసే డీసీహెచ్‌ఎస్ గారిని అడగండి అంటారు, ఆయన్ని అడిగితే పైనుంచి రావాలి అంటారు, సూపరింటెండెంట్ గారు నా చేతిలో ఏముందమ్మా అంటారు. ఆయన చెప్పేది అబద్ధం కాదు, ఒక టెక్నీషియన్ని వేసుకునే అధికారం కూడా ఆయనకి లేదు.

మా అమ్మకి షుగరూ బీపీ, నెలనెలా ఏరియా ఆసుపత్రికే తీసుకెళ్తాను. మందుల కిటికీ దగ్గర చీటీ మీద ఉన్నవాటికి టిక్కు పెట్టి, లేనివాటికి సున్నా చుట్టి బయట తీసుకోండి అని చేతిలో పెడతారు. ఇచ్చే అమ్మాయి తప్పేం లేదు. మందులు ఎక్కువ భాగం రాష్ట్ర కార్పొరేషన్ కొని స్టోరు నుంచి పంపాలి, మందులు కావాలని ఇక్కడి ఇండెంటు ఎప్పుడు పోయింది, ఎంత అడిగితే ఎంత వచ్చింది అనేది కంప్యూటర్లో ఉంటుంది గానీ లైన్లో నిలబడ్డ వాళ్ళకి మాత్రం కనపడదు. ఈరోజు ఏ మందు లేదో ఒక బోర్డు మీద రాస్తే కనీసం కూలిపని మానుకుని వచ్చినవాళ్ళు ముందే తెలుసుకుంటారు కదా.

ఇంకొకటి డిప్యుటేషన్లు, నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే. మత్తు డాక్టర్ పోస్టు కాగితం మీద భర్తీ అయినట్టే ఉంటుంది, జీతం ఈ ఆసుపత్రి పేరు మీదే పడుతుంది, మనిషి మాత్రం ఇంకెక్కడో పనిచేస్తుంటారు. పోస్టు ఖాళీ లేదు కాబట్టి కొత్తవాళ్ళు రారు. గైనిక్ డాక్టర్ ఉండి, థియేటర్ ఉండి, మత్తు ఇచ్చేవాళ్ళు లేక నొప్పులు పడుతున్న అమ్మాయిని అర్ధరాత్రి 108 ఎక్కించి పెద్దాసుపత్రికి పంపేస్తారు. దారిలో ఏమైనా అయితే అది ఎవరి లెక్కలో రాస్తారు?

వీటిని అడగటానికే ఆసుపత్రి అభివృద్ధి కమిటీ అని ఒకటి ఉంది, 2005లో వచ్చిన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ కూడా రోగి కళ్యాణ్ సమితుల పేరుతో ఇదే చెప్పింది. ఎమ్మెల్యే గారు ఛైర్మన్. ఆరోగ్యశ్రీ కేసుల మీద ఆసుపత్రికి వచ్చే డబ్బు, గ్రాంట్లు దేనికి ఖర్చుపెట్టాలో అక్కడే మాట్లాడుకోవాలి. మీటింగ్ జరక్కపోతే చిన్న రిపేరుకి కూడా సంతకం ఉండదు, ఎక్స్‌రే మిషన్ గుడ్డ కప్పుకుని పడుంటుంది, జనం బయట ల్యాబులకి డబ్బులు పోస్తుంటారు. మూడు నెలలకొకసారైనా కమిటీ కూర్చోవాలి, ఎమ్మెల్యే గారికి వీలు కాకపోతే కలెక్టర్ తరపున ఎవరో ఒకరు పెట్టాలి, ఆశా వర్కర్లకీ మహిళా సంఘాలకీ అందులో చోటివ్వాలి. జమాఖర్చులు, ఖాళీలు, డిప్యుటేషన్ మీద పోయిన పోస్టులు ఓపీ గోడకి అంటించాలి. సమాచార హక్కు చట్టం సెక్షన్ 4 ప్రకారం ఇలాంటివి ఎవరూ అడక్కుండానే బయటపెట్టాలి, దానికి కొత్త జీవో ఏమీ అక్కర్లేదు.

మీ విలేకరులు ప్రతి నియోజకవర్గంలో ఉన్నారు కాబట్టి మిమ్మల్ని ఒకటి కోరుతున్నాను. ప్రతి ఏరియా ఆసుపత్రిలో కమిటీ ఆఖరిసారి ఏ తేదీన కూర్చుందో కనుక్కుని జిల్లా పేజీలో ఆసుపత్రి పేరు పక్కన వెయ్యండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు